బస్తాలు కడ్డీలు, రేటు గీత: కాంబో చార్ట్ ఎక్సెల్‌లో వేయాలా, గూగుల్ షీట్స్‌లోనా, లిబ్రే ఆఫీస్ కాల్క్‌లోనా?

మిర్చి సీజన్‌లో పొద్దున్నే వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు పోతే రెండే ప్రశ్నలు చెవిన పడతాయి. ఎన్ని బస్తాలొచ్చినయ్? జెండా పాట, అంటే వేలంలో రేటు, ఎంత పలికింది? రైతుకైనా, అడ్తిదారుకైనా (కమిషన్ ఏజెంట్), ఖరీదుదారుకైనా ఆ రోజు లెక్కంతా ఈ రెండు అంకెల్లోనే ఉంటుంది. నెల రోజుల అంకెలు కాగితం మీద ఉంటే రెండింటినీ కలిపి ఒకే బొమ్మలో చూడాలని ఎవరికైనా అనిపిస్తుంది. స్ప్రెడ్‌షీట్‌లో దానికున్న దారి కాంబో చార్ట్. బస్తాలు నిలువు కడ్డీలవుతాయి, రేటు వాటి మీదుగా పోయే గీత అవుతుంది. ఎడమ పక్క బస్తాల కొలత, కుడి పక్క రూపాయల కొలత.

నేను హనుమకొండలో చిన్న కంప్యూటర్ సెంటర్ నడుపుతాను. పగలు కాకతీయ యూనివర్సిటీ పిల్లల ప్రాజెక్ట్ రిపోర్టులు, సాయంత్రం మా మామ అడ్తి దుకాణం లెక్కలు. రెండు చోట్లా కాంబో చార్టుల పని తగులుతూనే ఉంటుంది. వచ్చిన ప్రతివాళ్లూ అడిగేది, ఎందులో వేస్తే మంచిదని. బొమ్మ గీయడం వరకైతే ఎక్సెల్, గూగుల్ షీట్స్, కాల్క్ మూడూ గీస్తాయి. తేడా తెలిసేది గీసిన తర్వాత. ఆ ఫైల్ ఎవరి చేతికి పోతుంది, రేపటి అంకెలు ఎవరు ఎక్కిస్తారు, చివరికి దాన్ని ప్రింట్ తీస్తారా, వాట్సాప్‌లో పెడతారా? వీటిని బట్టి సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది. అసలు కుడి పక్క రెండో కొలత పెట్టాలా వద్దా? దాని దగ్గర్నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే దాని మూలంగానే మామతో నాకు తిట్లు పడ్డాయి.

ఆరు వందలకు అంత లోయ

ముందు ఒక చిన్న పట్టిక. ఇవి అసలు మార్కెట్ రేట్లు కావు, అభ్యాసం కోసం నేను వేసుకున్న అంకెలు.

రోజు | బస్తాలు | క్వింటా ధర
సోమ | 20,000 | 14,200
మంగళ | 28,000 | 13,900
బుధ | 35,000 | 13,600
గురు | 30,000 | 13,700
శుక్ర | 24,000 | 14,000

ఇలాంటి అంకెలతోనే ఒకసారి ఎక్సెల్‌లో చార్ట్ వేసి మామకు పంపాను. కడ్డీలు బాగానే వచ్చాయి. గీత మాత్రం సోమవారం చార్ట్ కొసన మొదలై బుధవారానికి అడుగుకు జారిపోయింది. కాసేపటికి ఫోన్.

"అల్లుడా, గా గీత ఏంది గట్ల బావిల పడ్డట్టు పోయింది? రేటు సగానికి పడ్డదా?"

సగానికి కాదు, ఆరు వందలు తగ్గింది. అంటే నాలుగు శాతం చిల్లర. కానీ ఎక్సెల్ కుడి పక్క కొలతను సున్నా నుంచి మొదలుపెట్టలేదు. అంకెలన్నీ దగ్గరదగ్గరగా ఉంటే అది కింది భాగం కోసేసి, పదమూడు వేల పైన ఎక్కడో మొదలుపెడుతుంది. ఉన్న ఆరు వందల తేడానే చార్ట్ ఎత్తంతా సాగదీస్తుంది. నేను ఫోన్ ఎత్తేలోపే మామ ఇద్దరు రైతులకు "ఇప్పుడే సరుకు తేకుండ్రి" అని చెప్పేశాడు. వాళ్లకు మళ్లీ ఫోన్ చేసి సర్దిచెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

మరుసటి రోజు కుడి కొలతను సున్నా నుంచి పెట్టి పంపాను. ఈసారి గీత కడ్డీల మధ్య తాడు కట్టినట్టు అడ్డంగా పోయింది. "గిప్పుడు రేటు కదలనే లేదన్నట్టున్నది గదా" అన్నాడు మామ. ఆయన మాటా నిజమే. యాభై బస్తాలు తెచ్చిన రైతును చూడండి. బస్తాకు నలభై కిలోల లెక్కన ఇరవై క్వింటాళ్లు. క్వింటాకు ఆరు వందలు తగ్గితే పన్నెండు వేలు పోయినట్టే. దాన్ని అడ్డగీతగా చూపిస్తే ఆ రైతు ఊరుకోడు.

అందుకని ఇప్పుడు నేను చేసే పద్ధతి వేరు. కడ్డీల కొలత ఎప్పుడూ సున్నా నుంచే. కడ్డీకి ఎత్తే అర్థం కాబట్టి కింద కోస్తే అబద్ధమవుతుంది. గీతకు ఆ నియమం లేదు. అది పెరుగుదలను, తరుగుదలను చూపిస్తుంది కాబట్టి సున్నా నుంచి రావాల్సిన అవసరం లేదు. ఉష్ణోగ్రత గీత వేస్తూ సున్నా డిగ్రీల నుంచి మొదలుపెట్టాలని ఎవరూ పట్టుబట్టరు. కానీ కొలత ఎక్కడ మొదలవ్వాలో సాఫ్ట్‌వేర్‌కు వదిలేయను. ఈ పట్టికకైతే 12,000 నుంచి 16,000 అని చేత్తో పెడతాను, గీత మీది ప్రతి చుక్క పక్కన ధర అంకె కనిపించేలా డేటా లేబుల్స్ పెడతాను. కుడి కొలత పేరులోనే "రూపాయలు, 12,000 నుంచి" అని రాస్తాను. అంకె కళ్లెదురుగా ఉంటే గీత ఎంత ఎగిరినా జనం కంగారుపడరు.

ఒకసారి చేత్తో పెట్టాక అది అక్కడే ఉండిపోతుందని మాత్రం మర్చిపోవద్దు. రేటు పదిహేడు వేలకు పోయిన రోజు గీత చార్ట్ దాటి మాయమవుతుంది. వారానికోసారి చూసుకోవాల్సిందే.

కాంబో అక్కర్లేని చోట్లు

రెండు వరుసలూ ఒకే కొలతవైతే రెండో యాక్సిస్, అంటే కుడి పక్క కొలత, జోలికి పోవద్దు. నెలవారీ అమ్మకాలు కడ్డీలుగా, నెలకు ఇంత అమ్మాలన్న టార్గెట్ గీతగా వేస్తే రెండూ రూపాయలే, ఒకే కొలత చాలు. కాంబో చార్ట్‌కు ఇంతకంటే మంచి వాడుక లేదని నా అభిప్రాయం. మహిళా సంఘం పొదుపు లెక్కయినా, పాల కేంద్రంలో రోజువారీ లీటర్లయినా, సగటు గీత ఒకటి అడ్డంగా పెడితే ఏ రోజు పైన ఉంది, ఏ రోజు కింద ఉంది అన్నది ఎవరికీ వివరించాల్సిన పనిలేదు. దాని కోసం పక్కన ఒక కాలమ్ పెట్టి ప్రతి గడిలో యావరేజ్ ఫార్ములా ఇవ్వాలి. సగటు తీయాల్సిన గడుల రేంజ్‌కు డాలర్ గుర్తులు ($B$2:$B$6 లా) పెట్టడం మరిచిపోతే కిందికి లాగిన కొద్దీ సగటు మారిపోయి గీత వంకరపోతుంది. అడ్డంగా రావాల్సిన గీత వంకరగా కనిపిస్తే ముందు డాలర్లు చూడండి.

"రాక పెరిగితే రేటు పడుతుందా?" అన్నదే మీ ప్రశ్న అయితే కాంబో దానికి సరైన జవాబు ఇవ్వదు. దానికి స్కాటర్ చార్ట్ ఉంది. అడ్డంగా బస్తాలు, నిలువుగా ధర, ఒక్కో రోజుకు ఒక్కో చుక్క. చుక్కలు ఎడమ పై నుంచి కుడి కిందికి దిగుతుంటే సంబంధం ఉన్నట్టు, చెల్లాచెదురుగా పడితే లేనట్టు. కాంబోలో మాత్రం రెండు కొలతలనూ అటూ ఇటూ జరిపి ఏ రెండు వరుసలనైనా చుట్టాల్లా కనిపించేలా చేయొచ్చు. రిపోర్టులో "దీన్ని బట్టి సంబంధం స్పష్టం" అని రాసే పిల్లలకు నేను ముందు చెప్పే మాట ఇదే.

బస్తాలు, రేటు, తేమ శాతం, మూడూ ఒకే బొమ్మలో కావాలని కొందరు పట్టుబడతారు. మూడు రకాల కొలతలకు రెండు పక్కలు చాలవు. ఒకదాని కింద ఒకటి మూడు చిన్న చార్టులు పెట్టండి, అన్నింటికీ అవే తేదీలు, అదే వెడల్పు. చూసేవాళ్ల కన్ను పై నుంచి కిందికి దిగితే సరిపోతుంది. నిజం చెప్పాలంటే రెండు కొలతలున్నప్పుడు కూడా చాలాసార్లు నాకు ఇదే నచ్చుతుంది. కానీ రిపోర్టులో ఒకే బొమ్మకు చోటుందంటే కాంబో తప్పదు.

ఇది కొత్త తలనొప్పి కూడా కాదు. కడ్డీల చార్ట్‌కు ఆద్యుడని చెప్పే స్కాట్లండ్ ఆయన విలియం ప్లేఫెయిర్ 1820ల మొదట్లో ఇలాంటిదే గీశాడు. 1565 నుంచి 1821 దాకా గోధుమ ధరలు కడ్డీలుగా, పనివాళ్ల వారం కూలి గీతగా. కూలితో పోల్చి చూస్తే గోధుమలు చవకయ్యాయని చెప్పడం ఆయన ఉద్దేశం. కానీ ఆ బొమ్మ చూస్తే ముందు కళ్లను లాగేవి ఎగుడుదిగుడు కడ్డీలే. ఎన్ని రోజుల కూలికి ఎన్ని గోధుమలొస్తాయో భాగించి ఒకే గీతగా వేసి ఉంటే ఆయన మాట సూటిగా తెలిసేది. గింజల ధర, మనిషి సంపాదన, రెండు వందల ఏళ్ల కిందటి బొమ్మ. మన యార్డు లెక్కకు దగ్గరగానే ఉంది. మీ రెండు వరుసలనూ భాగిస్తే ఒక అర్థమున్న అంకె వస్తుందా అని చూసుకోండి. వస్తే కాంబో మానేసి ఆ ఒక్క అంకెనే గీయొచ్చు.

ఎక్సెల్: అన్నీ ఉన్నాయి, తికమకలూ ఉన్నాయి

ఎక్సెల్ 2013 నుంచి ఇన్సర్ట్ ట్యాబ్‌లో కాంబోకు విడిగా బటన్ ఉంది. పట్టిక సెలెక్ట్ చేసి, కస్టమ్ కాంబినేషన్ తెరిస్తే ఒక్కో వరుసకూ ఏ రకం కావాలో ఎంచుకునే పెట్టె వస్తుంది. పక్కనే సెకండరీ యాక్సిస్ అన్న టిక్ ఉంటుంది. బస్తాలకు క్లస్టర్డ్ కాలమ్, ధరకు లైన్, ధర పక్కన టిక్. అంతే. జిరాక్స్ షాపుల్లో ఇంకా 2007, 2010 నడుస్తుంటాయి. వాటిలో ముందు మామూలు కాలమ్ చార్ట్ వేసి, ధర కడ్డీ మీద రైట్ క్లిక్ చేసి, ఆ ఒక్క సిరీస్‌కే (అంకెల వరుసకే) చార్ట్ టైప్ మార్చాలి. ఆ తర్వాత ఫార్మాట్ డేటా సిరీస్‌లోకి పోయి సెకండరీ యాక్సిస్ ఇవ్వాలి. త్రీడీ కడ్డీలతో మాత్రం గీత కలవదు, కలపబోతే కుదరదని మెసేజ్ వస్తుంది. త్రీడీ అందంగా ఉందని పట్టుకు కూర్చునే పిల్లలు ఇక్కడే ఇరుక్కుంటారు.

ఇక్కడ ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. ఐదేళ్లలో పరీక్ష రాసిన విద్యార్థుల సంఖ్య, ఉత్తీర్ణత శాతం. ఇదీ పట్టిక. చార్ట్ వేసి "అన్నా, గీత కనబడుతలేదు" అంటారు. గీత ఉంది, నేలకు అంటుకుపోయింది. 86 శాతం అని కనిపిస్తున్నా గడి లోపల ఉన్నది 0.86. పక్కన 240 ఎత్తున్న కడ్డీ నిలబడితే ఒకటి కూడా లేని అంకె ఎవరికి కనబడుతుంది? సెకండరీ యాక్సిస్ ఇద్దామంటే మౌస్‌తో పట్టుకోవడానికి అది దొరకదు. అలాంటప్పుడు చార్ట్ మీద ఒకసారి క్లిక్ చేసి, పైన ఫార్మాట్ ట్యాబ్‌కు పోండి. ఎడమ చివర చిన్న డ్రాప్‌డౌన్ ఉంటుంది, చార్ట్‌లోని ప్రతి భాగం పేరూ అందులో ఉంటుంది. శాతం సిరీస్ పేరు ఎంచుకుని, కిందే ఉన్న ఫార్మాట్ సెలెక్షన్ నొక్కితే సెకండరీ యాక్సిస్ అక్కడే దొరుకుతుంది. ఈ డ్రాప్‌డౌన్ తెలిస్తే ఎక్సెల్ చార్టులతో సగం కుస్తీ తప్పుతుంది.

ఇదే పట్టికలో ఇంకో మెలిక, సంవత్సరాలు. మొదటి కాలమ్‌లో 2021, 2022 అని ఉంటే అవి కూడా అంకెలే కదా అని ఎక్సెల్ వాటికీ కడ్డీలు లేపుతుంది. రెండు వేల ఎత్తున ఐదు కడ్డీలు, పక్కన మీ విద్యార్థులు చీమల్లా. పట్టికకు ఎడమ పై మూలనున్న గడిని, అంటే "సంవత్సరం" అని రాసిన గడిని, ఖాళీ చేసి మళ్లీ చార్ట్ వేయండి. అప్పుడు ఆ కాలమ్‌ను పేర్లుగా తీసుకుంటుంది.

రెండు రకాల కడ్డీలు, ఒక్కోటి ఒక్కో పక్క కొలత మీద పెట్టాలనుకుంటే ఎక్సెల్ మొండికేస్తుంది. తేజ రకం మిర్చి బస్తాలు వేలల్లో, 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన చపాటా మిర్చి బస్తాలు దాని పక్కన కొద్దిగా అనుకోండి. చపాటాను కుడి కొలతకు పంపిస్తే దాని కడ్డీలు తేజ కడ్డీల పక్కన నిలబడవు, సరిగ్గా వాటి మీదికెక్కి కప్పేస్తాయి. మధ్యలో ఖాళీ సిరీస్‌లు ఇరికించి పక్కకు జరిపే కిటుకులున్నాయి కానీ ఆ శ్రమ దండగ. ఒకదాన్ని గీతగా మార్చేయండి.

రోజూ అంకెలు చేరే పట్టిక అయితే చార్ట్ వేయకముందే కంట్రోల్+టి నొక్కి దాన్ని టేబుల్‌గా మార్చండి. కింద కొత్త వరుస కొట్టగానే చార్ట్ తనంతట తాను పొడవవుతుంది. నేను ఎక్సెల్‌ను వదలకపోవడానికి సగం కారణం ఇదే.

గూగుల్ షీట్స్: నలుగురి చేతులు పడే లెక్కకు

మా మామ దుకాణంలో పొద్దున బస్తాల లెక్క గుమాస్తా కొడతాడు, రేటు మామ చూసి చెప్తాడు, రాత్రి లెక్క సరిచూసేది నేను. ముగ్గురం మూడు చోట్ల ఉంటాం. ఎక్సెల్ ఫైల్‌ను వాట్సాప్‌లో తిప్పుతుంటే "ఫైనల్", "కొత్త ఫైనల్", "అసలు ఫైనల్" అని మూడు ఫైళ్లు పుట్టాయి. ఒక రోజు రాకలు రెండుసార్లు ఎక్కాయి. షీట్స్‌కు మారాక ఆ గొడవ పోయింది, లెక్క ఒక్కచోటే ఉంటుంది.

చార్ట్ వేయడం తేలికే. ఇన్సర్ట్‌లో చార్ట్ నొక్కితే కుడి పక్క ఎడిటర్ తెరుచుకుంటుంది. సెటప్‌లో చార్ట్ టైప్ కాంబో అని మార్చాలి. తర్వాత కస్టమైజ్‌లో సిరీస్ తెరిచి, పైన "అన్ని సిరీస్‌లకు" అని ఉన్నదాన్ని ధర మీదికి మార్చి, దానికి లైన్, రైట్ యాక్సిస్ అని ఇవ్వాలి. చాలామంది ఈ మార్పు మరిచిపోయి అన్ని సిరీస్‌లనూ కుడికి పంపేస్తారు, ఎడమ పక్క బోసిపోతుంది. రైట్ యాక్సిస్ ఇచ్చాకే ఆ కొలతకు విడిగా సెట్టింగులు వస్తాయి, మినిమం, మాగ్జిమం అక్కడ పెట్టుకోవచ్చు. గీత కింద రంగు నిండే ఏరియా, మెట్లలా కనిపించే స్టెప్డ్ ఏరియా లాంటివి కూడా కలపొచ్చు. రేంజ్ ఇచ్చేటప్పుడు వరుస నంబర్లు లేకుండా A కాలమ్ నుంచి C కాలమ్ దాకా మొత్తం (A:C) ఇస్తే రేపటి అంకెలూ చార్ట్‌లోకి వస్తాయి.

షీట్స్‌లో నాకు నచ్చనిది అలంకరణ. లేబుల్ ఒకదాన్ని ఇటు జరపాలి, ఒక చుక్కను వేరేగా చూపాలి అన్న చిల్లర పనులు ఎక్సెల్‌లో సాగినంత సాఫీగా సాగవు. ఫోన్‌లో అంకెలు కొట్టడానికి బాగుంటుంది కానీ చార్ట్ సెట్టింగులు మాత్రం కంప్యూటర్ ముందు కూర్చునే చేయండి. కరెంటు, నెట్ రెండూ ఒకేసారి పోయే ఊళ్లో ఉంటే ముందే ఆఫ్‌లైన్ ఆన్ చేసి పెట్టుకోండి.

కాల్క్: డబ్బు ఖర్చు లేదు, కాలమ్ వరుస మాత్రం చూసుకోవాలి

లిబ్రే ఆఫీస్ ఉచితం, నెట్ అక్కర్లేదు, పాత కంప్యూటర్‌లో లైనక్స్ ఉన్నా నడుస్తుంది. లైసెన్సు కొనే స్తోమత లేక దొంగ ఎక్సెల్ వేసుకునే కన్నా ఇది నయం.

ఇందులో కాంబోకు "కాలమ్ అండ్ లైన్" అని పేరు. చార్ట్ విజార్డ్ మొదటి అడుగులోనే ఉంటుంది, కిందే ఎన్ని గీతలు కావాలో అడిగే చిన్న పెట్టె ఉంటుంది. ఒకటి అని ఇస్తే పట్టికలో చివరి కాలమ్ గీత అవుతుంది, రెండంటే చివరి రెండు. ఏది గీత, ఏది కడ్డీ అన్నది మీరు పేరు పెట్టి చెప్పరు, కాలమ్ వరుసే చెప్తుంది. తేదీ, ధర, బస్తాలు అన్న వరుసలో పట్టిక ఉంటే ధర కడ్డీగా, బస్తాలు గీతగా తారుమారవుతాయి. కాల్క్ తెరవకముందే తేదీ, బస్తాలు, ధర అని సర్దుకుంటే గొడవే లేదు. తర్వాత గుర్తొచ్చినా డేటా సిరీస్ అడుగులో బాణం గుర్తులతో పైకీ కిందికీ జరపొచ్చు.

రెండో కొలత విజార్డ్‌లో దొరకదు. చార్ట్ పూర్తయ్యాక దాని మీద డబుల్ క్లిక్ చేసి లోపలికి పోవాలి, గీతను పట్టుకుని రైట్ క్లిక్, ఫార్మాట్ డేటా సిరీస్, ఆప్షన్స్‌లో సెకండరీ వై యాక్సిస్. అదే చోట "షో బార్స్ సైడ్ బై సైడ్" అని ఒక టిక్ ఉంటుంది. ఎక్సెల్‌లో మీదికెక్కి కప్పేసిన ఆ తేజ, చపాటా కడ్డీలు ఇక్కడ ఈ ఒక్క టిక్‌తో పక్కపక్కన నిలబడతాయి. ఉచితంగా వచ్చేదాంట్లో ఈ సౌకర్యం చూసి నేనే ఆశ్చర్యపోయాను. అయినా రెండు కొలతల మీద రెండు రకాల కడ్డీలు చూసేవాళ్లను తికమకపెడతాయి, ఏది ఏ పక్కదో గుర్తుపెట్టుకోవడం కష్టం. కుదిరింది కదా అని వేయాల్సిన పనిలేదు.

కడ్డీలతో ఏరియా కలపడం లాంటివి ఈ కాలమ్ అండ్ లైన్‌లో లేవు, కడ్డీ ప్లస్ గీత వరకే. మన అవసరాల్లో పదింట తొమ్మిది అవే.

సెలవు రోజుల సంగతి

యార్డు సెలవు రోజుల్లో రాకలుండవు. పండుగలు, మేడారం జాతర లాంటివి కలిస్తే వరసగా రోజులు పోతాయి. తేదీలతో చార్ట్ వేస్తే ఆ రోజుల దగ్గర పళ్లూడినట్టు ఖాళీలు వస్తాయి. మీ పట్టికలో ఆ తేదీలు లేకపోయినా సరే, ఇవి తేదీలని సాఫ్ట్‌వేర్ కనిపెట్టి మధ్య రోజులకు చోటు వదులుతుంది. ఎక్సెల్‌లో అడ్డ యాక్సిస్‌ను డబుల్ క్లిక్ చేసి టెక్స్ట్ యాక్సిస్ అని మార్చాలి. షీట్స్ సెటప్‌లో లేబుళ్లను టెక్స్ట్‌గా తీసుకోమనే టిక్ ఉంటుంది. కాల్క్‌లో యాక్సిస్ స్కేల్‌లో టైప్ అన్నచోట టెక్స్ట్ పెట్టాలి. మూడింటిలోనూ పని ఒకటే, దాక్కున్న చోటే వేరు.

ఇక రాక లేని రోజున ధర గడిలో సున్నా కొట్టే అలవాటు కొందరికుంది. గీత ఆ రోజు పాతాళానికి పోయి మరునాడు లేస్తుంది. ఆ గడి ఖాళీగా వదిలేయండి.

తేదీలతోనే ఇంకో పీడ. ఫిబ్రవరి నాలుగు అని 04/02 కొడితే, కంప్యూటర్ అమెరికా సెట్టింగులో ఉంటే అది ఏప్రిల్ రెండు అనుకుంటుంది. పదమూడో తేదీ నుంచి పదమూడో నెల లేదు కాబట్టి వాటిని మామూలు అక్షరాలుగా వదిలేస్తుంది. గడిలో కొన్ని తేదీలు కుడికి, కొన్ని ఎడమకు అతుక్కుని ఉంటే అదే జబ్బు. షీట్స్‌లో ఫైల్ సెట్టింగ్స్‌లో లొకేల్ ఇండియా అని పెట్టండి. ఎక్సెల్ విండోస్ రీజియన్‌ను చూసి నడుస్తుంది, అక్కడ మార్చాలి. లక్షలకు మన పద్ధతిలో కామాలు పడాలన్నా చూసుకోవాల్సింది ఇక్కడే.

ఎవరికి ఏది

ప్రాజెక్ట్ రిపోర్ట్ బైండింగ్‌కు పోతుందంటే ఎక్సెల్. వర్డ్‌లో అతికించడం, అక్షరాల సైజు, కొలతల పేర్లు అన్నీ చెప్పినట్టు వింటాయి. ఇంట్లో కంప్యూటర్‌లో ఎక్సెల్ లేకపోతే కాల్క్‌లో వేసి, చార్ట్ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ యాజ్ ఇమేజ్ అని బొమ్మగా తీసుకోండి. కాల్క్ ఫైల్‌నే ఎక్సెల్ ఫార్మాట్‌లో సేవ్ చేసి సెంటర్‌కు తెస్తే రంగులో, అక్షరాలో, కొలతో ఏదో ఒకటి మారి ఉండొచ్చు. రేపు సబ్మిషన్ అనగా రాత్రి ఆ టెన్షన్ ఎందుకు? బొమ్మైతే మారదు.

దుకాణం, సంఘం, అపార్ట్‌మెంట్ నీళ్ల ట్యాంకర్ల లెక్క, ఇలా ఇద్దరు ముగ్గురు ఎక్కించే లెక్కలకు షీట్స్. మామకు పంపేటప్పుడు లింకు పంపను, చార్ట్ మూలన మూడు చుక్కలు నొక్కి బొమ్మగా దించి పంపుతాను. లింకు పంపితే ఆయన వేలు తగిలి ఏదో ఒక గడి మారుతుంది.

స్కూల్లో ఇరవై కంప్యూటర్ల ల్యాబ్, ఖర్చు పెట్టేవాళ్లు లేరు అంటే ఇంకో ఆలోచన వద్దు, కాల్క్.

తెలుగులో పేర్లు పెట్టాలంటే మూడింటిలోనూ యూనికోడ్ తెలుగు బాగానే పడుతుంది. ప్రెస్‌ల్లో వాడే అను ఫాంట్లతో కొడితే మాత్రం ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో చార్ట్ పేరంతా పిచ్చి గుర్తులవుతుంది. ఒకసారి సెమినార్ హాల్లో ఒక అమ్మాయి చార్టుకు అలాగే అయింది, పాపం నోటితోనే చదివి చెప్పింది.

ఏది వాడినా చివరి పరీక్ష ఒకటే, నలుపు తెలుపు జిరాక్స్. తెరమీద నీలం కడ్డీలు, ఆరెంజ్ గీత బాగుంటాయి. జిరాక్స్‌లో రెండూ ఒకే బూడిద రంగులోకి దిగి గీత కడ్డీల్లో కలిసిపోతుంది. అందుకే కడ్డీలకు లేత బూడిద, గీతకు ముదురు నలుపు, చుక్కలు కాస్త పెద్దవి. కొలతల పేర్లు రెండు పక్కలా ఉండాలి. ఎడమ "బస్తాలు", కుడి "క్వింటాకు రూపాయలు". పేర్లు లేని రెండు కొలతల చార్ట్ తెస్తే నేను ప్రింట్ తీయకుండా తిప్పి పంపుతాను. పిల్లలు మొహం ముడుచుకుని వెనక్కు పోయి, రెండు నిమిషాల్లో పెట్టుకుని వస్తారు.